మూత లోపలి బొట్టు

కిందటి వారం దుర్గాశ్రీని మంచి ఇరకాటంలో వదిలేసి వచ్చాం. ఎదురుగా బల్ల మీద మూత తీసిన పాత వీడియో గేము. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఇంకో చేతిలో ఫోను. గేము లోపల ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎవరో పెట్టిన గంధం, కుంకుమ బొట్టు. ఆమె దాన్ని ఫొటో తీసి, లోపల ఇది ఎవరు పెట్టారండీ అని ఆ పెట్టె ఇచ్చిన ఫణీంద్రకి పంపింది. ఈ రోజుల్లో పంపిన ఫొటోని చెరిపే వీలు కూడా ఉందిగానీ, అవతలి మనిషి చూసేశాక చెరిపి ఏం లాభం?

ఈ వారమే మనతో కలిసినవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. ఈ పెట్టె కథ చిన్నదే. ఫణీంద్ర మేనమామ ఓడలో పనిచేస్తూ దాన్ని జపాన్ నుంచి తెచ్చాడు. అక్కడి కరెంటు వేరు, మన కరెంటు వేరు. తెచ్చిన అడాప్టరు కాలిపోయింది, కొన్నదీ కాలిపోయింది. అప్పుడు పాలకొల్లులో టీవీలు బాగుచేసే వెంకన్న దగ్గరికి తీసుకొచ్చారు. ఆయన ఆ పెట్టె అడుగున టేకుచెక్కతో ఇంకో అర కట్టి, అందులో మన కరెంటుకి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, నేరుగా గోడకి ప్లగ్గు పెట్టుకునేలా మార్చి ఇచ్చాడు. ఆ ఏడాది దసరా మర్నాడు, పదకొండేళ్ళ ఫణీంద్ర తలంటుకుని తడిచేత్తో వచ్చి, పెట్టె వెనక టీవీ వైరు పెట్టే ఇనప మూతిని పట్టుకున్నాడు. చెయ్యి అతుక్కుపోయింది. ప్రాణం దక్కింది కానీ కుడిచేతి చివరి రెండు వేళ్ళూ మళ్ళీ వంగలేదు.

తప్పు ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. పెట్టె విప్పింది వెంకన్న, కట్టింది వెంకన్న. ఫణీంద్ర తండ్రి సత్యనారాయణరాజు గారు భీమవరం పక్క ఊళ్ళో నలుగురూ మాట వినే మనిషి. ఆయన మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి వెంకన్న కొట్లో సామాను రోడ్డు మీద పోయించాడు. మిగిలిన పని జనం చేశారు. పేర్లు పెట్టడంలో మన గోదావరి వాళ్ళకి సాటి ఎవరు? ‘షాకుల వెంకన్న’ అన్నారు. కొట్టు పోయినా మనిషి బతుకుతాడు. ఆ పేరు మాత్రం బజారుకి వెళ్తే బజారుకి, పెళ్ళికి వెళ్తే పెళ్ళికి ఆయన వెనకే వచ్చింది. బళ్ళో దుర్గాశ్రీ కూడా షాకుల వెంకన్న కూతురే అయింది.

అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, తప్పు తనదేనని వెంకన్న కూడా నమ్మాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కీ, దాని పైనుండే రేకుకీ మధ్య ఒక దళసరి కాగితం వెయ్యాలి. మోటార్లు చుట్టేవాళ్ళు వాడే ఇన్సులేషన్ కాగితం. అది ఉంటే రేకుకి కరెంటు ఎక్కదు. ఆ కాగితం వేశానా, వెయ్యలేదా అని ఆయన ఇరవై ఏడేళ్ళుగా తనని తానే అడుగుతున్నాడు. గేటు గడియ పెట్టాక నాలుగడుగులు వేసి, వెనక్కి వెళ్ళి మళ్ళీ లాగి చూస్తాడు. గ్యాసు కట్టేశాక మళ్ళీ తిప్పి చూస్తాడు. కూతురు ఎలక్ట్రానిక్స్ డిప్లమా చేసి, పాత గేము పెట్టెల్ని కొత్త టీవీలకి పనికొచ్చేలా మార్చే పని ఇంటి ముందుగదిలోనే పెట్టుకుంటే, పక్క గుమ్మంలోంచే ఇంట్లోకి వెళ్తాడు కానీ ఆ గది గుమ్మం ఏనాడూ తొక్కలేదు. మనిషికి తన చేతి మీద తనకే నమ్మకం పోతే ఇంకేం మిగులుతుంది చెప్పండి.

ఆ పెట్టె ఇన్నేళ్ళకి తిరిగి తిరిగి ఆమె బల్ల మీదికే వచ్చింది. అటక మీద దొరికిందనీ, కొత్త టీవీకి పనికొచ్చేలా మార్చమనీ ఫణీంద్ర ఇచ్చి వెళ్ళాడు. తను ఎవరి కూతురో అతనికి తెలియదనే దుర్గాశ్రీ అనుకుంది. మూత తీయబోతే స్క్రూల మీద తండ్రి వేసిన లక్క ముద్రలు పగిలి ఉన్నాయి. లోపల బొట్టు. పక్కనే, పెట్టె మూలకి దోపి, నాలుగు మడతలు పెట్టిన దళసరి కాగితం. నాన్న కాగితం వేశాడు. ఎవరో తీశారు. ఆ సంగతి నాన్నకి చెప్పాలి, కానీ ఎవరు తీశారో తెలుసుకుని చెప్పాలనుకుంది. అక్కడే ఆలస్యం అయింది.

ఇదీ ఇప్పటిదాకా జరిగింది.

ఫొటో వెళ్ళి గంట తిరక్కుండానే ఒక తెల్ల కారు వచ్చి సందు మొదట్లో ఆగింది. మర్నాడు దసరా. ఎదురింటివాళ్ళు వీధిలో స్కూటరు కడుగుతున్నారు. దుర్గాశ్రీ భర్త అశోక్ నిడదవోలు స్టేషన్లో డ్యూటీకి వెళ్ళాడు. వెంకన్న గుమ్మడికాయ, నిమ్మకాయలు తెస్తానని సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళాడు. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది.

కారు దిగినాయన పొడుగ్గా, తెల్లగా ఉన్నాడు. వయసు డెబ్బైకి దగ్గర పడ్డా నడుం వంగలేదు. గేటు బయటే చెప్పులు విడిచి, లోపలికి రావచ్చాండీ అని అడిగాడు. తను ఫణీంద్ర తండ్రినని చెప్పాడు. దుర్గాశ్రీ స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టింది. ఆ మొహాన్ని ఆమె చిన్నప్పుడు తండ్రి కొట్టు మెట్ల మీద నిలబడి చూసింది. రాజుల ఇళ్ళల్లో పసిపిల్లని కూడా అండీ అనే పిలుస్తారు, కోపం వచ్చినా ఆ మర్యాద తప్పరు. కొట్టు సామాను రోడ్డు మీద పోసిన రోజున కూడా ఆయన వెంకన్నని “బయటికి రండి” అనే పిలిచాడు.

ఆయన కూర్చోలేదు. అబ్బాయి ఏదో సరదాపడి ఇచ్చాడనీ, పాత సామాను మీద ఆవిడకి ఇంత శ్రమ ఎందుకనీ, తీసుకెళ్ళడానికి వచ్చాననీ చెప్పాడు. మాట ఎంత మెత్తగా ఉందో చూపు అంత తొందరగా బల్ల వైపు పోయింది. పెట్టె మీదికి చెయ్యి చాచాడు. దుర్గాశ్రీ అంతకంటే ముందే మూత మీద అరచెయ్యి వేసింది.

“సామాను ఇచ్చినవాళ్ళ చేతికే ఇస్తానండి. నా పద్ధతి అది.”

“మా ఇంటి వస్తువేనండి అది.”

“ఇచ్చింది ఫణీంద్ర గారండి.”

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె మూత మీది చెయ్యి తియ్యలేదు. ఎదురింట్లో స్కూటరు మీద బక్కెటు నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది. అప్పుడు రాజుగారి చూపు పెట్టె మీంచి కిందికి, బల్ల మీదికి జారి, అక్కడ ఆగింది.

ఆ బల్ల మామూలు బల్ల కాదు. రోడ్డు మీద పడిన సామాన్లోంచి వెంకన్న భార్య ఏరి తెచ్చిన కొట్టు బోర్డు అది. ఆవిడ పోయాక కూడా పెరట్లో పడి ఉంటే, దుర్గాశ్రీ దాన్ని నాలుగు కాళ్ళ మీద బిగించి పనిబల్ల చేసుకుంది. అక్షరాలు కిందికి తిప్పి బిగించుకోమని అశోక్ చెప్పాడు. ఆమె పైకే ఉంచింది. టంకం చుక్కలు పడి, వేడికి మచ్చలు కట్టి, రంగు వెలిసినా నీలం అక్షరాలు ఇంకా చదవొచ్చు: వెంకన్న టీవీ, రేడియో రిపేర్లు.

రాజుగారు ఆ అక్షరాలు చదివాడు. ఇంకోసారి చదివాడు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మీరు వెంకన్న గారి అమ్మాయా?”

“అవునండి.”

దుర్గాశ్రీ మూత తీసి పక్కన పెట్టింది. మూలనున్న మడతల కాగితాన్ని ట్వీజర్‌తో బయటికి లాగి ఆయన ముందు పెట్టింది. ఇది మీ ఇంట్లో ఎవరు తీశారండీ అని అడిగింది.

మొదటిసారి చూసినవాళ్ళు ఏం చేస్తారు? ఇదేమిటి అంటారు. చేతిలోకి తీసుకుంటారు. రాజుగారు దాని వైపు చూడనైనా చూడలేదు. కిటికీ బయటికి చూస్తూ, కండువాతో మెడ తుడుచుకున్నాడు. దుర్గాశ్రీకి అర్థమైంది. ఈయనకి తెలుసు.

“ఎప్పటి నుంచి తెలుసండీ మీకు?”

ఆయన అప్పుడు కాగితం వైపు చూశాడు.

“ఆ సాయంత్రం నుంచేనండి.”

ఆ తరవాత ఆయన ఆగి ఆగి చెప్పుకొచ్చాడు. ఆ రోజు పిల్లాణ్ణి భీమవరం ఆసుపత్రిలో పెట్టి, అక్కడి నుంచే పాలకొల్లు వచ్చి కొట్టు సామాను పోయించి, ఇంటికి వెళ్ళాడు. పెట్టె ఇంకా టీవీ పక్కనే పడి ఉంది. సుత్తి తెచ్చాడు. కొట్టేముందు, ఆ వెంకన్న లోపల ఏం తగలేశాడో చూద్దామని మూత విప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ మీద మూడు వేళ్ళతో తీర్చిన గంధం, నడుమ కుంకుమ, తడికి అంటుకున్న ఒక అక్షింత. సుత్తి కింద పెట్టేశాడు. అది ఆయన తల్లి బంగారమ్మ గారి చెయ్యి.

బంగారమ్మ గారి దసరా పూజ ఆ చుట్టుపక్కల పేరుపడ్డది. అందరూ ట్రాక్టరు బానెట్టు మీద, మోటారు మూత మీద బొట్టు పెట్టి సరిపెట్టుకుంటారు. ఆవిడ ఒప్పుకోదు. మనిషికి బొట్టు నుదుటి మీద పెడతామా, చొక్కా మీద పెడతామా అని అడుగుతుంది. బానెట్టు ఎత్తించి ఇంజనుకే పెడుతుంది. చేలో మోటారు మూత తీయించి, దానికే పెడుతుంది. ఆ ఏడాది ఇంట్లోకి కొత్తగా వచ్చిన యంత్రం మనవడి వీడియో గేము. దాన్ని బయటినుంచి పూజించి వదిలేస్తే మనవడి మీద ప్రేమ తక్కువైనట్టు కాదూ? మగవాళ్ళు పొలం మోటార్ల దగ్గరికి వెళ్ళినప్పుడు, కూరగాయల కత్తి మొనతో స్క్రూలు తిప్పి ఆవిడే మూత తీసింది. యంత్రం మీద కాగితం అడ్డంగా ఉంది. కాగితానికి బొట్టు పెడితే ఏం లాభం? తీసి, చీర మడతపెట్టినట్టు శుభ్రంగా మడతపెట్టి, ఓ మూల దోపి, బొట్టు పెట్టి, మూత బిగించింది. పండగ రోజున యంత్రాలు తిప్పరు గనక ఆ పూట ఏమీ కాలేదు.

“నేను చూళ్ళేదండి ఆవిడ మూత తియ్యడం. లోపల బొట్టు చూశాక ఇంక చెప్పేదేముంది,” అన్నాడు రాజుగారు. “అప్పటికే మీ నాన్నగారి సామాను రోడ్డు మీద పడింది.”

పడింది నిజమే. మర్నాడు వెళ్ళి ఎత్తిపెట్టొచ్చు. మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడు వెళ్దామంటే నిన్న ఎందుకు రాలేదని అడుగుతారు. ఏడాది పోయాక వెళ్దామంటే ఏడాది ఏం చేశావని అడుగుతారు. నాకు ఇక్కడ రాజుగారి మీద జాలి పడాలని లేదు. ఊరికి పెద్దమనిషి అనిపించుకున్నవాడు ఒక్క పూట పాలకొల్లు వచ్చి, వెంకన్న తప్పు లేదు అని నాలుగు మాటలు అంటే సరిపోయేది. ఆ నాలుగు మాటలకీ ‘మరి ఎవరి తప్పు’ అన్న ఐదో మాట తోకలా వస్తుందని ఆయనకి భయం. తన తల్లి పేరు నాలుగిళ్ళ అరుగుల మీద పడకుండా కాపాడుకున్నాడు. వెంకన్న పేరు అన్ని ఊళ్ళ అరుగుల మీదా పడి ఉంటే చూస్తూ ఊరుకున్నాడు.

దుర్గాశ్రీ కూడా అదే అనుకుంది, కాకపోతే పైకి అనలేదు. పెట్టెని ఎందుకు తగలబెట్టలేదని మాత్రం అడిగింది.

“మా అమ్మ బొట్టు పెట్టిన వస్తువండి,” అన్నాడు ఆయన. “ఎలా కాల్చమంటారు?”

ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన గొంతు పెద్దమనిషి గొంతులా లేదు.

తరవాత ఆయన అడగాల్సింది అడిగాడు. బల్ల మీద స్పిరిట్ సీసా, దూది ఉన్నాయి. పాత సర్క్యూట్ బోర్డుల మీది తుప్పూ మురికీ తుడవడానికి ఆమె రోజూ వాడేవే. వాటిని చూపించి, శుభ్రం చెయ్యడం మీ పనే కదండీ, ఆ బొట్టు కూడా ఒక్కసారి తుడిచెయ్యండి అన్నాడు. ఫోన్లో ఫొటో తీసెయ్యమన్నాడు. అబ్బాయికి ఏదో నచ్చజెప్పుకుంటానన్నాడు. తన తల్లి సంగతి చెప్పాడు. కుడిచేత్తో ముద్ద కలుపుకోలేని మనవడికి పెద్దవాడయ్యేదాకా ఆవిడే కలిపి పెట్టింది. ఇప్పటికీ అతను భోజనానికి కూర్చుంటే పక్కన పీట వేసుకుని, చేపలో ముల్లు తీసి ఇస్తుంది. ఆ వేళ్ళు పట్టుకుని, ఆ వెంకన్న చేతులు పడిపోనూ అని ఇన్నేళ్ళూ తిట్టింది. ఆ చెయ్యి ఎవరి వల్ల పోయిందో ఇప్పుడు తెలిస్తే ఆవిడ అన్నం ముట్టదు.

“మా అమ్మకి ఎనభై ఆరండి. ఆవిడ ఉన్నన్నాళ్ళు ఆగండి. ఆ తరవాత ఊరంతా చెప్పండి, నేను మీ పక్కన నిలబడతాను.”

దుర్గాశ్రీకి అప్పటిదాకా బిగబట్టిన కోపం ఒక్కసారిగా పొంగింది.

“మా నాన్నకి డెబ్బై రెండండి. ఎవరు ముందు వెళ్తారో చూసి, అప్పుడు చెబుదామంటారా?”

రాజుగారు తల దించుకున్నాడు. బయట డ్రైవరు గేటు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, వెనక్కి వెళ్ళిపోయాడు. గోడ గడియారం చూసింది దుర్గాశ్రీ. తండ్రి వచ్చే వేళ అయింది. ఆయన గుమ్మడికాయ బేరం ఆడడు. ఏదో ఒకటి తీసుకుని, నలుగురిలో ఎక్కువసేపు నిలబడకుండా వచ్చేస్తాడు. అదీ ఆ పేరు చలవే.

ఆమె దూది తీసుకుంది. స్పిరిట్‌లో ముంచింది. ఎందుకు ముంచిందో ఆమెకే తెలియదు. ఎప్పుడూ చూడని ఆ ముసలావిడ పీట మీద కూర్చుని చేపముల్లు తీస్తున్నట్టు కనిపించింది. ఆవిడ చేసిన పాపం ఏముంది? అందరికంటే ఎక్కువ ప్రేమించింది, అంతే. ఒక్కసారి ఇలా రాస్తే గంధం కరిగిపోతుంది, కుంకుమ దూదికి అంటుకుంటుంది. పెట్టెలో ఇంకేమీ ఉండదు. తడి దూది బొట్టుకి బెత్తెడు దూరంలో ఆగింది. రాజుగారు దూది వైపే చూస్తున్నాడు.

మొన్న తెల్లవారుజామున నాన్న వరండాలో కూర్చుని, ఎవరితోనో అన్నట్టు మెల్లగా అనుకున్న మాట ఆమెకి గుర్తొచ్చింది. వేసే ఉంటాను, వెయ్యకుండా ఎలా ఉంటాను. ఆ మాట ఆమె బళ్ళో చదివే రోజుల నుంచి వింటూనే ఉంది. దూది తీసి చెత్తబుట్టలో పడేసింది.

“బొట్టు తుడవనండి. ఫొటో చెరపను,” అంది. “కానీ ఊరికి చెప్పను. మా నాన్నకి ఒక్కడికే చెబుతాను. కాయితం ఆయన వేశాడని, మీ ఇంట్లో ఎవరో తీశారని. ఎవరని అడిగితే నాకు తెలియదంటాను.”

ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. దణ్ణం పెట్టబోయాడు. ఆమె ఆపింది.

“ఇంకా అవలేదండి. కాయితం నేను ఇవ్వను. మీరే ఇవ్వాలి, మా నాన్న చేతికి.”

రాజుగారు కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు. ఇదొక్కటి వద్దన్నాడు. కావాలంటే నలుగురిలో ఆయనకి సన్మానం చేయిస్తానన్నాడు. పాతికేళ్ళు మొహం చాటేసి ఇప్పుడు శాలువా కప్పుతాడట. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అని ఊరికే అన్నారా.

“ఆయన మొహం ఎలా చూడమంటారండీ నన్ను?”

“ఆయన ఇన్నాళ్ళూ అందరి మొహాలూ ఎలా చూశారో అలాగే చూడండి.”

ఆయన బల్ల మీది అక్షరాల వైపు ఇంకోసారి చూశాడు. చివరికి అలాగేనండి అన్నాడు. అన్నాక చెయ్యి చాచాడు. దుర్గాశ్రీ ఆ నాలుగు మడతల కాగితాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. ఇన్నేళ్ళ తరవాత కూడా దాని అంచులు నలగలేదు. మంచి సరుకు వేశాడు నాన్న అనుకుంది, ఆ అనుకోవడంలో కళ్ళు తడిశాయి. ఆయన కాగితాన్ని పట్టుకుని, పిలుపు కోసం ఎదురుచూసే మనిషిలా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె పెట్టె మూత బొట్టు మీద ఆనించింది. నాన్న కాగితం చూస్తే చాలు, బొట్టు చూడక్కర్లేదు.

ఏ గొడవా లేకుండా తేలిపోయిందనే ఇద్దరూ అనుకున్నారు.

గేటు గడియ చప్పుడైంది. రోజూ ఆ చప్పుడు రెండుసార్లు వినిపిస్తుంది, వేసినప్పుడు ఒకసారి, వెనక్కి వచ్చి లాగి చూసుకున్నప్పుడు ఒకసారి. దుర్గాశ్రీ రెండో చప్పుడు కోసం ఆగింది. అది వినిపించలేదు. నాన్న కాదేమో అనుకుంటూ గుమ్మం వైపు రెండడుగులు వేసింది.

నాన్నే. ఎడమ భుజానికి గుమ్మడికాయ సంచీ తగిలించుకున్నాడు. కుడిచెయ్యి ఖాళీగా లేదు. ఆ చెయ్యి పట్టుకుని, మందపాటి కళ్ళద్దాల్లోంచి నేల వెతుక్కుంటూ, సన్నగా వెదురుబద్దలా ఉన్న ఒక పెద్దావిడ మెట్టెక్కుతోంది.

“మెల్లిగా అండి, ఈ గుమ్మం ఎత్తు,” అంటున్నాడు వెంకన్న. కూతుర్ని చూసి, ఈవిడ నీకోసమేనట అమ్మా, సందు మొదట్లో కారు దిగి ఇల్లు అడుగుతున్నారు, వాళ్ళ మనవడు కారు ఎక్కడో పెట్టి వస్తాడట అని చెప్పాడు. ఆవిడని నడిపించే తొందరలో, ఏనాడూ తొక్కని ఆ గది గుమ్మం దాటి లోపలికి వచ్చేశాడు.

అప్పుడు చూశాడు, కుర్చీలోంచి లేస్తున్న మనిషిని.

“అమ్మా,” అన్నాడు రాజుగారు.

వెంకన్న ఆయన్ని గుర్తుపట్టాడు. ఆ ‘అమ్మా’ అన్న పిలుపుతో, తను చెయ్యి పట్టి తీసుకొచ్చింది ఎవరినో కూడా తెలుసుకున్నాడు. మొహంలో ఉన్న కాస్త రంగూ పోయింది. అయినా ఆవిడ పట్టుకున్న చేతిని లాక్కోలేదు. లాక్కుంటే ఆవిడ పడిపోతుంది.

“మీరు కూర్చోండి నాన్నా,” అంది బంగారమ్మ గారు, కొడుకు గొంతు వచ్చిన వైపు తిరిగి. తరవాత దుర్గాశ్రీ ఎక్కడుందో వెతుక్కుని, “ఫణి ఫోన్లో బొట్టు చూపించాడమ్మా. పెద్దది చేసి చూపించాడు. అటక మీంచి ఆ పెట్టె తీయించింది నేనే. వెంకన్న గారి అమ్మాయికే ఇమ్మని చెప్పిందీ నేనే. ఎందుకో వాడికి చెప్పలేదు,” అంది.

దుర్గాశ్రీ రాజుగారి వైపు చూసింది. ఆయనకీ ఈ సంగతి తెలియదని ఆ మొహమే చెబుతోంది.

బంగారమ్మ గారు నిలబడే చెప్పింది. కిందటి దసరాకి రొయ్యల చెరువు మీద మోటారు పెట్టె మూత తీయించి బొట్టు పెట్టబోయిందట. లోపల కాగితం అడ్డొస్తే తియ్యబోయిందట. మెకానిక్కు కేక వేసి, చెయ్యి పట్టి ఆపేశాడట. మామ్మగారూ, ఆ కాయితం తీస్తే మనిషి ప్రాణం పోద్దండి అన్నాడట. ఆ పూట నుంచి ఆవిడకి కంటి మీద కునుకు లేదు.

“నా మనవడి పెట్టెలోనూ కాయితం ఉందమ్మా. బొట్టు పెట్టడానికి నేనే తీశాను. అది బాగా గుర్తుంది. మళ్ళీ వేశానో లేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాటం లేదు.” ఆవిడ పట్టు వెంకన్న చేతి మీద బిగిసింది. అది ఎవరి చెయ్యో ఆవిడకి తెలియదు. “మీరు మూత తీశారు కదా. దేవుడి ముందు చెప్పినట్టు చెప్పండి. వేశానా, వెయ్యలేదా?”

ఆ ప్రశ్న దుర్గాశ్రీ చిన్నప్పటి నుంచి వింటున్నదే, ఒక్క అక్షరం తేడా లేదు. అడిగే గొంతు ఒక్కటే మారింది.

రాజుగారి చేతిలో నాలుగు మడతల కాగితం అలాగే ఉంది. దాన్ని దాచాలన్న సంగతి కూడా ఆయనకి తోచలేదు. బంగారమ్మ గారికి చూపు అంత దూరం ఆనదు.

వెంకన్నకి ఆనుతుంది.